214 నెంబరు బిళ్ళ

హైమ కంప్యూటర్ గది తలుపు తోసేసరికి మధ్యాహ్నం రెండుంబావు. నాలుగింటికి పోలీసు జీపు బయలుదేరుతుంది. ఈలోపల ఏమీ తేలకపోతే జమ్లిని ఖమ్మం తీసుకెళ్లి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తరువాత ఆమె తన ఎనిమిది నెలల బిడ్డను మళ్లీ ఎప్పుడు ఎత్తుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

జమ్లి మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కనే ఆడ కానిస్టేబులు. జమ్లికి ఇరవై నాలుగేళ్లుంటాయి. బూర్గంపాడు దాటాక అడవి అంచునున్న ఈ మన్యసీమ ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఆపరేటరుగా పద్దెనిమిది రోజుల క్రితమే ఉద్యోగం ఖాయమైంది. పొద్దుటినుంచి బిడ్డకు పాలివ్వక రవిక తడిసిపోయింది. అది కనపడకుండా కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. కుడిచేతి పిడికిలి మాత్రం బిగించి ఒళ్లో పెట్టుకుంది.

"రండ్రి మేడం, రండ్రి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ సారంగపాణి, కుర్చీలోంచి లేవకుండానే. "బడి రిజిస్టర్లు దిద్దుకునేటోళ్లకు అడవిల ఏం పని పడ్డది?"

"ఇక్కడా రిజిస్టర్లే చూద్దామని వచ్చాను. మీకేమైనా అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం? జల్దీ కానియ్యండ్రి. నాలుగు కొట్టినంక మాత్రం ఒక్క నిమిషం ఆగేది లేదు."

మధిర ఆడపిల్లల హైస్కూల్లో పంతొమ్మిదేళ్లు హెడ్ క్లర్కుగా చేసి, ఆ ఉద్యోగం వదిలి ఖమ్మంలో రెండు గదులు కిరాయికి తీసుకుని దర్యాప్తు ఆఫీసు పెట్టిన మనిషి హైమ. ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. నిన్న పోలీసులు జమ్లిని మొదటిసారి పిలిచి ప్రశ్నిస్తుంటే, ఆమె భర్త మోతీ బిడ్డను చంకనేసుకుని ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. బిడ్డ ఏడుస్తుంటే ఆమే పాలు కాచి ఇచ్చింది. ఆ తరువాతే కేసు విన్నది.

కేసు చిన్నదిగానే కనిపిస్తుంది. సోమవారం, మార్చి ఒకటో తేదీ పొద్దున ఆరింటికి అడవి చెక్‌పోస్టు దగ్గర వాచర్ పగిడయ్య లారీ ఆపబోయాడు. లారీ ఆగలేదు. అతని మీదనుంచే వెళ్లిపోయింది. లారీలో టేకు దుంగలున్నాయని చూసినవాళ్లు చెప్పారు. పగిడయ్య చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం దొరికింది. రెండు అంచులా చిల్లులున్న కంప్యూటర్ కాగితం. దాని మీద పదకొండు లారీల నెంబర్లు, తేదీలు, టైములు. ఈ చుట్టుపక్కల అలాంటి కాగితం వాడేది ఈ ఫ్యాక్టరీ ఒక్కటే.

"సంగతి సాఫ్ ఉన్నది మేడం," సారంగపాణి మరో కాగితం ఆమె ముందుకు తోశాడు. "ఆ పదకొండు లారీల లిస్టు ఈ కంప్యూటర్ల దొరికింది. ఏ ఫైలు ఎవరిదో అదే చెప్తది. చూడండ్రి. లిస్టు పక్కకు ఎవరి పేరున్నది? జమ్లి. దొంగలకు లారీల టైం టేబుల్ రాసిచ్చింది ఈమెనే. అది పగిడయ్య చేతికి చిక్కింది. తొక్కి సంపిండ్రు."

"తేదీ ఫిబ్రవరి తొమ్మిది అనుంది. అప్పటికి ఈ అమ్మాయికి ఉద్యోగమే ఇవ్వలేదు కదా?"

జవాబు కిటికీ దగ్గరనుంచి వచ్చింది. "ఆ తేదీ నమ్మడానికి వీల్లేదండీ." కంప్యూటర్ ఇన్‌ఛార్జి వెంకటనారాయణ మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మధిర అవతలి ఊళ్ల మనిషి. "లోపల బ్యాటరీ పోయిందండీ. కరెంటు పోయినప్పుడల్లా తేదీ మళ్లీ కొట్టాలి. ఒక్కోసారి నేను మర్చిపోతే రెండు మూడు వారాలు వెనకే నడుస్తుంది. ఇవ్వాళ మాత్రం పొద్దున్నే సరిచేశాను."

సారంగపాణి నవ్వాడు. "ఇన్నరా?"

హైమ స్టూలు దగ్గరికి వెళ్లి జమ్లి ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"ఆ లిస్టు నువ్వు రాశావా?"

"నేను రాయలే మేడం."

"ఎవరు రాశారో తెలుసా?"

జమ్లి తల దించుకుంది. "నాకు తెల్వదు."

"నీ లాగిన్ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"లే."

"పిడికిట్లో ఏముంది?"

జమ్లి పిడికిలి ఇంకా బిగించింది. హైమ చెయ్యి పట్టుకోలేదు. తన అరచేయి చాపి ఊరుకుంది. కాసేపటికి జమ్లి వేళ్లు విప్పింది. రూపాయి బిళ్ళకు రెండింతలున్న ఇత్తడి బిళ్ళ. పైన చిల్లు, చిల్లులో ఎర్ర దారం. దాని మీద 214 అని అచ్చు కొట్టి ఉంది. ఫ్యాక్టరీలో ప్రతి మనిషికీ ఇలాంటిదొకటి ఇస్తారు. పొద్దున గేటు దగ్గర బోర్డు మీదినుంచి తీసుకోవాలి, సాయంత్రం మళ్లీ తగిలించి పోవాలి.

"ఇదా? దీన్నెందుకు దాచడం?"

"ఊకెనే," అని జమ్లి బిళ్ళను మళ్లీ మూసేసింది. భయపడి ఏదో ఒకటి పట్టుకుంది కాబోలు అనుకుని హైమ లేచింది.

ఆ తరువాత పది నిమిషాల పాటు ఆమె సారంగపాణి ఇచ్చిన కాగితాన్ని వేలు పెట్టుకుంటూ పైనుంచి కిందికి చదివింది. ఒక్కో వరుసలో ఒక్కో ఫైలు. దాని యజమాని పేరు, తేదీ, టైము, ఫైలు పేరు. ఒకచోట వేలు ఆగిపోయింది.

"వెంకటనారాయణ గారూ, ఇక్కడ పేరు ఉండాల్సిన చోట 209 అని ఉందేమిటి? కింద ఇంకా చాలాచోట్ల ఉంది."

"అదా అండీ, టైం ఆఫీసు గుమాస్తా వెంకటరామారావు గారివి. పోయినేడు మానేశారు. ఆయన లాగిన్ తీసేశాను. పేరు పోయింది, నెంబరు మిగిలిపోయింది."

"అంటే కంప్యూటరు పేరు రాసుకోదా?"

"లేదండీ. ఫైలు మీద నెంబరే రాసుకుంటుంది. ఆ నెంబరు ఎవరిదో పక్కన ఇంకో జాబితా ఉంటుంది. మనం అడిగినప్పుడు అందులో చూసి పేరు చూపిస్తుంది."

"ఆ నెంబరు ఎవరిస్తారు?"

"నేనేనండీ. లాగిన్ తయారుచేసేటప్పుడు నాలుగు సంగతులివ్వాలి. పేరు, నెంబరు, ఏ గుంపులో మనిషి, వాళ్ల ఫైళ్లు పెట్టుకునే చోటు. ఎవరికే నెంబరిచ్చానో తికమక పడకుండా నేను బిళ్ళ నెంబరే ఇచ్చేస్తాను. జమ్లి బిళ్ళ 214, కంప్యూటర్లోనూ 214. అందరూ తెలివైన పద్ధతి అన్నారండీ."

హైమ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆమె మనసు మధిర బడికి వెళ్లిపోయింది. పంతొమ్మిదేళ్లు కొత్త పిల్ల చేరినప్పుడల్లా అడ్మిషన్ రిజిస్టర్‌లో తరువాతి నెంబరే వేసేది. టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్ల నెంబరును ఇంకో పిల్లకు ఇచ్చి ఉంటే హెడ్‌మిస్ట్రెస్ తనను బళ్లోంచి గెంటేసేది. కానీ బిళ్ళ అలా కాదు. ఇత్తడి వృథా పోకూడదు. మనిషి మానేస్తే బోర్డుకు వేలాడుతుంది. కొత్త మనిషి రాగానే మెళ్లో పడుతుంది.

"వెంకటనారాయణ గారూ, నాకో లాగిన్ తయారుచేసి పెట్టండి. నాకు కాదులెండి, సారంగపాణి గారికి."

"నాకెందుకు?" అన్నాడు సారంగపాణి. "నేను గిట్ల పెట్టెల ముందల కూసునేటోన్ని కాదు."

"రెండు నిమిషాలు. నెంబరు మాత్రం 209 ఇవ్వండి."

వెంకటనారాయణ పెద్ద మిషను ముందు కూర్చున్నాడు. అన్నిటికీ అధికారమున్న రూట్ లాగిన్ అతనొక్కడిదే. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు భుజం అడ్డం పెట్టుకున్నాడు. లాగిన్ పేరులో ఎనిమిది అక్షరాలే పడతాయట. ఇన్‌స్పెక్టర్ పేరు ఇంగ్లీషులో కొడుతుంటే 'సారంగప' దగ్గరే ఆగిపోయింది.

"నా పేరు సగం కోసిండ్రు," అన్నాడు సారంగపాణి.

"నెంబరు 209... గుంపు... ఫైళ్లు పెట్టుకునే చోటు... అయిపోయిందండీ."

"ఇప్పుడు అందరూ వాడుకునే ఉమ్మడి చోట ఉన్న ఫైళ్లన్నీ చూపించండి. ఈ కాగితం మీద చూపించినట్టే."

తెర మీద వరుసలు పైకి జరిగాయి. సారంగపాణి ముందుకు వంగాడు. ఇందాక 209 అని ఉన్న ప్రతిచోటా ఇప్పుడు సారంగప, సారంగప, సారంగప. మొత్తం ఇరవై మూడు ఫైళ్లు. అన్నీ పోయినేటివి.

"ఇవన్నీ మీరెప్పుడు రాశారు సారంగపాణి గారూ?" హైమ నెమ్మదిగా అడిగింది. "పోయిన జూన్‌లో కూలీల హాజరు పట్టీ. ఆగస్టులో సెలవు చీటీలు. పేరు సాఫ్ కనిపిస్తోంది. జీపెక్కిద్దామా మిమ్మల్ని?"

సారంగపాణి మీసం మీద వేలు పెట్టుకుని తెరవైపే చూస్తూ ఉండిపోయాడు. ఆడ కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

"పాత కిరాయిదారు వదిలేసి పోయిన సామాను కొత్తగా దిగినవాళ్లదైపోయింది. అంతే జరిగింది," అంది హైమ. "లిస్టు రాసింది పాత 214. జమ్లి కాదు."

వెంకటనారాయణ కుర్చీలో నిటారుగా అయ్యాడు. "నాకీ సంగతి తట్టనే లేదండీ. ఇన్ని రోజులూ జమ్లే రాసిందనుకున్నాను."

"అంతకుముందు 214 ఎవరిది?"

"మేడం!" జమ్లి స్టూలు మీదనుంచి లేచింది. "వద్దు మేడం. అది అడగకండి."

"నువ్వు కూర్చో అమ్మా. నీ కోసమే అడుగుతున్నాను."

"రామక్కదండీ," అన్నాడు వెంకటనారాయణ. "గని కార్మికుల ఇంటి పిల్ల. ఫిబ్రవరి పన్నెండున ఉన్నట్టుండి మానేసింది. జూలూరుపాడు దగ్గర తల్లితో ఉంటోంది. పనిచేసినట్టు సర్టిఫికెట్ పంపించిన అడ్రసు నా దగ్గరే ఉంది." తన లాగిన్ మూసేసి లేచాడు. "జనవరి నెలాఖరున కంప్యూటర్లోవన్నీ కాపీ తీసిన టేపు మేనేజరు గారి బీరువాలో ఉందండీ. అందులో పాత జాబితా ఉంటుంది. 214 పక్కన రామక్క పేరు మీకే కనిపిస్తుంది. తీసుకొస్తాను."

"మంచిది. వెళ్లి రండి," అంది హైమ. అప్పుడు గోడ గడియారంలో మూడూ అయిదు.

అతను వెళ్లగానే సారంగపాణి అందుకున్నాడు. "అవ్, మీ లెక్క బాగనే ఉన్నది. ఈమె కాకుంటే ఆమె. లిస్టు రాసింది రామక్క. దొంగలతోటి కలిసింది రామక్క. నాకు పేరు మారింది గంతే."

"లిస్టు చదివారా మీరు?"

"సదవకుంటనే వచ్చిననా?"

"బయటికి చదవండి."

సారంగపాణి విసుక్కుంటూ చదివాడు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవి. "లారీ 4471, జనవరి 19, పదకొండు ఇరవైకి పోయింది. లారీ 2086, జనవరి 23, ఒకటింటికి పోయింది. పాసు లేదు. లారీ..."

"చాలు. పోయింది అని ఉందా, పోవాలి అని ఉందా?"

సారంగపాణి కాగితం మళ్లీ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"టైం టేబుల్ రాసేవాళ్లు పోవాలి అని రాస్తారు. పోయింది అని రాసేవాళ్లు చూసినవాళ్లు. ఆ పిల్ల ఈ కిటికీలోంచి ఫ్యాక్టరీ గేటు దాటుతున్న పదకొండు లారీలు చూసింది. గేటు పాసు లేకుండా పోయినవి ఒక్కొక్కటే రాసిపెట్టింది. చెక్‌పోస్టులో నమ్మకమైన మనిషి ఒక్కడున్నాడని పగిడయ్యకు ఇచ్చింది. అందుకే ఆయన ఆ లారీకి అడ్డం వెళ్లాడు. రామక్క దొంగ కాదు సారంగపాణి గారూ, మీకున్న ఒకే ఒక్క సాక్షి."

సారంగపాణి టోపీ తీసి టేబులు మీద పెట్టాడు. అరెస్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పిల్లకు నీళ్లియ్యండ్రి," అన్నాడు కానిస్టేబులుతో. ఆ గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

జమ్లి నీళ్లు ముట్టుకోలేదు. ఏడుస్తోంది. విడిచిపెట్టినందుకు వచ్చిన ఏడుపు కాదది.

"ఎందుకడిగిండ్రు మేడం? నాకు తెల్వదా? నాలుగు రోజులు పక్కన కూసోబెట్టుకుని పని నేర్పింది ఆమెనే. పోయేనాడు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ లిస్టు తను రాసిందని ఇక్కడ ఎవ్వరికీ తెల్వదు, తెలిస్తే నన్ను బతకనియ్యరు జమ్లీ అన్నది. నేను మాటిచ్చిన."

హైమ ఆమె దగ్గరికి వచ్చింది. "ఎవరు బతకనివ్వరు?"

"పేరు చెప్పలే. 'కంప్యూటర్ల పాసు కొట్టకుంట లారీ గేటు దాటాలంటే లోపటి మనిషే పంపాలె' అన్నది. అంతే."

గడియారంలో మూడూ ముప్పై అయిదు. మేనేజరు గది వరండా చివరిది. ఎంత మెల్లగా నడిచినా రెండు నిమిషాల దారి.

"టేపు తేవడానికి అరగంటా?" అంది హైమ. "జమ్లీ, మేనేజరు గదిలోనూ కంప్యూటరుందా?"

"ఈ పెద్ద మిషనుకే తగిలించిన టెర్మినల్ ఒకటి ఉన్నది మేడం. మేనేజరు సారు వారం సంది హైదరాబాదుల ఉండు. తాళంచెవి వెంకటనారాయణ సారు దగ్గరనే ఉంటది."

"ఇప్పుడు ఎవరెవరు మిషను వాడుతున్నారో నీకు తెలుస్తుందా?"

జమ్లి కళ్లు తుడుచుకుని తన టెర్మినల్ ముందు కూర్చుంది. తన పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. తరువాత మూడే అక్షరాలు కొట్టింది. "ఎవరున్నరు అని అడుగుడు ఇది. లేచే ముందు ఇది కొట్టి చూసి పో అని రామక్క నేర్పింది."

తెర మీద రెండు వరుసలొచ్చాయి.

ఒకటి జమ్లి. రెండోది రామక్క. మేనేజరు గది టెర్మినల్. మూడూ పన్నెండు నుంచి.

"గిదేంది? ఆమె మానేసిందంటిరి?" సారంగపాణి కుర్చీ వెనక్కి నెట్టి నిలబడ్డాడు.

"మానేసింది. లాగిన్ తీసేశారు," అంది హైమ. "ఇవాళ మళ్లీ తయారుచేశారు. ఆ పని చెయ్యగలిగింది రూట్ పాస్‌వర్డ్ ఉన్నవాడొక్కడే."

సారంగపాణి వరండాలో పరుగెత్తాడు. జమ్లి ఉమ్మడి చోట ఉన్న ఫైళ్లు మళ్లీ అడిగింది. చిట్టచివర కొత్తదొకటి. యజమాని రామక్క. ఇవాళ్టి తేదీ, మూడూ పద్దెనిమిది. ఎవరైనా చదువుకోవడానికి వీలుగా తెరిచి పెట్టి ఉంది. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగే. జమ్లి అక్షరం అక్షరం కూడబలుక్కుని బయటికి చదివింది.

"లారీల లిస్టు నేనే రాశాను. దొంగలకు నేనే ఇచ్చాను. పగిడయ్య గారి చావుకి నేనే కారణం. ఈ పాపం మొయ్యలేక వెళ్లిపోతున్నాను. నా కోసం ఎవరూ వెతకవద్దు. రామక్క."

చదవడం ఆపి జమ్లి హైమవైపు తిరిగింది. "రామక్క గిట్ల మాట్లాడదు మేడం. రాసిన అంటది. పోతున్న అంటది. రాశాను, వెళ్లిపోతున్నాను... ఇది ఆమె మాట కాదు."

"తెలుసు. అది మా వైపు మాట," అంది హైమ. మధిర నీళ్లు తాగిన నోటి మాట. ఇందాక ఈ గదిలో ఎంతో మర్యాదగా వినిపించిన మాట.

చనిపోబోయే మనిషి పేర ఉత్తరం వెంకటనారాయణ ముందే రాసిపెట్టాడు. ఇక మిగిలింది మనిషి చనిపోవడమే.

సారంగపాణి రొప్పుతూ తిరిగొచ్చాడు. "గదికి తాళం ఉన్నది. గేటుకాడ అడిగిన. టేపు పాల్వంచ ఆఫీసుల ఉన్నదని చెప్పి మూడూ ఇరవైకి మోటార్ సైకిల్ మీద పోయిండట. జూలూరుపాడుకు వైర్‌లెస్ కొట్టిన. రామక్క ఇల్లు ఏడున్నదని అడుగుతుండ్రు. ఊరికి బయటనట, పత్తి చేలల్ల ఎక్కడనో. అడ్రసు ఏది?"

"అతని దగ్గరే ఉందిగా," అంది హైమ.

"నాకు తెలుసు," జమ్లి అప్పటికే లేచింది. "ఒక్కసారి పోయిన. బిడ్డనెత్తుకుని పోయిన. చేలల్ల దారి నేను చూపిస్త, పాండ్రి."

ముగ్గురూ జీపు దగ్గరికి నడిచారు. జమ్లిని ఖమ్మం తీసుకెళ్లడానికి తెచ్చిన జీపు అదే. డ్రైవరు అలవాటు కొద్దీ వెనక తలుపు తీయబోతే, సారంగపాణి ముందు సీటు చూపించాడు. "ఆడ కూసో అమ్మా."

ఎక్కే ముందు జమ్లి పిడికిలి విప్పి బిళ్ళను హైమ చేతిలో పెట్టింది. ఈసారి వెనకవైపు పైకి ఉంది. పొద్దుటినుంచీ ఆ పిల్ల బొటనవేలితో మూసి ఉంచింది అదేనని హైమకు అప్పుడర్థమైంది. సూది మొనతో ఇత్తడి మీద ఓపికగా గీకిన ఒక్క అక్షరం. రా.

హైమ వాచీ చూసుకుంది. మూడూ నలభై ఆరు. అతను బయలుదేరి ఇరవై ఆరు నిమిషాలు. పద్దెనిమిది రోజులు ఒక బాలింతరాలు పిడికిట్లో దాచిన పేరును, తను ఒక్క ప్రశ్న అడిగి బయటికి తీయించింది. అడిగింది ఎవరినో కూడా చూసుకోలేదు.

"పోనీ బాబూ," అంది డ్రైవరుతో. రెండోసారి చెప్పేలోపల సారంగపాణే డ్రైవరును పక్కకు జరగమని స్టీరింగు అందుకున్నాడు.